రేకుల గదిలో మామ కుంపటి

అత్తకు,

ఈ మంచుకొండల మీద నుంచే నీ కాళ్ళు ముట్టుకున్నట్టు అనుకుని నీ అల్లుడు నాగేష్ రాస్తున్న సంగతులు.

ఇక్కడ మేము బాగున్నాము అని మొదటి వరుసలో రాయడం పద్ధతి. నేను రాయను. అంతా బాగుంటే ఇంత కాగితం ఎందుకు? ప్రాణాలతో ఉన్నాం. నేను ఉన్నాను, మామ కూడా ఉన్నాడు. చదివి వినిపించే సమ్మక్క సగంలో ఆపి ఏడుపు మొదలుపెట్టకూడదని ఆ ముక్క ముందే రాసేస్తున్నాను. సమ్మీ, మొత్తం గట్టిగా చదువు. మీ నాయనను నేను తిట్టిన చోట గొంతు తగ్గించకు.

నీ మోకాలు ఎలా ఉంది అత్తా? రాత్రిపూట నూనె రాస్తున్నావా లేక రేపు రేపు అంటున్నావా? వడ్లు నూర్చడం అయిపోయిందా? చింతచెట్టుకు కాయ బాగా పట్టిందని పోయినసారి చెప్పావు, కోతులు ఏమైనా మిగిల్చాయా? నల్ల పంది ఈనిందా? అందరూ ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటున్నాను. జ్వరం వస్తే మాత్రం వడ్డె పూజారి దగ్గరికి పోయి కోడిని కోసి ఊరుకోకండి, జగర్గుండా దవాఖానకు కూడా పోండి.

ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నువ్వు అంటావు. చెబుతాను. మా సొరంగం పని క్యాంపులో సిగ్నల్ లేదు. ఆదివారం దారి తెరిచి ఉంటే కింది బజారుకు దిగుతాం, అక్కడే ఫోన్ పనిచేస్తుంది. నేను నెంబరు కలపగానే మామ గుంజుకుంటాడు. నువ్వు "తిన్నరా?" అంటావు. ఆయన "ఆ, కడుపునిండ తిన్నం. అంతా మంచిగుంది. సలి ఏం లేదు, మన మాఘమాసం లెక్కనే" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మీసాలకు మంచు గడ్డలు వేలాడుతుంటాయి అత్తా! నేను ఫోన్ అడిగితే అటు తిరిగి నిలబడతాడు. సరే, ఆయనకు తెలియకుండా చేద్దామంటే అక్కడ మీ ఫోన్ స్పీకర్లో పెట్టి సగం ఊరు వింటుంది. నేను ఒక మాట చెబితే సాయంత్రానికి మామ చచ్చిపోయాడని పక్క పల్లెలో డోలు కొడతారు. హిందీలో రాద్దామంటే మా గదిలో ఉన్నవాళ్ళు తలకాయలు పెట్టి చదువుతారు. అందుకే తెలుగు. బడిలో నాకు తెలుగు ఎవరూ నేర్పలేదని నీకు తెలుసు. మిరపతోటల పనికి పోయినప్పుడు ఎరువు బస్తాల మీద, బస్సుల మీద చూసి నేర్చుకున్న అక్షరాలు ఇవి. తప్పులుంటే సమ్మక్క సర్దుకుని చదవాలి.

ముందు చలి సంగతి. మామ నీకు చెప్పింది అంతా అబద్ధం.

మొదటిసారి మంచు పడ్డ పొద్దున మేమిద్దరం పిచ్చివాళ్ళలా బయటికి పరుగెత్తాం. మామ వంగి చూసి, "ఏందిరా ఇది, సెట్టు లేకుంటనే ఇప్పపువ్వు రాలింది" అని గుప్పిట నిండా ఎత్తాడు. నిజంగానే తెల్లవారుజామున చెట్టు కింద పువ్వు పరుచుకున్నట్టే ఉంది. ఆయన తువ్వాలు కూడా పరవబోయాడు, దానిలోకి ఎత్తడానికి. ఆ సంబరం ఆ ఒక్క పొద్దుకే. ఇప్పుడు మంచు అంటే నాకు ఒళ్ళు మంట. పడుతుంది, తోస్తాం, మళ్ళీ పడుతుంది. బకెట్లో నీళ్ళు గడ్డ కడితే గడ్డపారతో పొడిచి వాడుకోవాలి. ఉల్లిగడ్డ రాయి, గుడ్డు రాయి, కొబ్బరినూనె రాయి. చేతి తొడుగు తీసి ఇనుము ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుని ఊడుతుంది. సొరంగం లోపల పని చేస్తుంటే చెమట పడుతుంది, బయటికి వచ్చేసరికి ఆ చెమటే చొక్కాను రేకులా బిగదీస్తుంది. స్నానం గురించి అడగకు. మామ ఎప్పటి నుంచి చేయలేదో రాస్తే నువ్వు ఆయనను ఇంట్లోకి రానివ్వవు.

జగదల్‌పూర్‌లో రైలెక్కే ముందు నేను పాత బట్టల దుకాణంలో మందంగా ఉన్న కోటు ఒకటి కొన్నాను. మామను కూడా కొనుక్కోమన్నాను. "నేను సూడని సలా? అడవిల పుట్టినోణ్ణి" అని జగర్గుండా సంతలో కొన్న ఆ పల్చటి స్వెటర్‌తోనే వచ్చాడు. ఆ స్వెటర్ ఇక్కడ దోమతెరతో సమానం. ఇప్పుడు నా కోటు ఒక పూట ఆయన, ఒక పూట నేను వేసుకుంటున్నాం. బూట్లలో ప్లాస్టిక్ సంచులు తొడుక్కుంటే కాళ్ళు తడవవని ఇక్కడివాళ్ళు చెబితే నేను విన్నాను. ఆయన వినలేదు. కాలి వేళ్ళు నల్లబడ్డాక విన్నాడు. ఇప్పుడు నయమయ్యాయి, భయపడకు.

తిండికి లోటు లేదు. అన్నం పెడతారు, రాజ్మా పెడతారు, మళ్ళీ రాజ్మా పెడతారు. చాయ్ ఒక్కటే మాకు దిక్కు. ఆ చాయ్ కూడా చాయ్ కాదు అత్తా, చాయ్ గిన్నె కడిగిన నీళ్ళు. వంట చేసే కాకా హిమాచల్ మనిషి, పాలపొడి కింద ఆగిపోయిందని రోజూ ఒకటే పాట. అయినా దాని కోసం వరుసలో నిలబడి కొట్టుకుంటాం, ఎందుకంటే వేడిగా ఉంటుంది. తాగేది తరువాత. ముందు గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటాం, తరువాత చెంపకు పెట్టుకుంటాం, ఆవిరి ముక్కులోకి పీలుస్తాం. తాగేసరికి అది సగం చల్లారుతుంది. అప్పుడు మళ్ళీ కాకాను తిడతాం.

కింది బజారులో ఒక ముసలమ్మ చాయ్ కొట్టు ఉంది. ఆమె చాయ్‌లో ఉప్పు, వెన్న వేసి పొడవాటి చెక్క గొట్టంలో చిలికి పోస్తుంది. మొదటిసారి నేను బయటికి పోయి ఉమ్మేశాను. మామ మాత్రం పెదవులు నాక్కుని, "గంజిల వెన్న ఏసినట్టుంది, ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నాడు తెలుగులోనే. ఆమెకు అర్థమైంది! పోసింది. ఇప్పుడు నాకు కూడా అదే కావాలనిపిస్తోంది. కడుపులో చాలాసేపు వెచ్చగా నిలుస్తుంది.

నువ్వు కట్టి ఇచ్చిన రాగి పిండి అయిపోయింది. మామ పొద్దున్నే జావ కాచి ఉప్పు వేసి గది అందరికీ పోసేవాడు. మనం అక్కడ ఎండకు చల్లగా తాగేదాన్ని ఇక్కడ నోరు కాలేటట్టు తాగుతాం. జావ పోసుకుని పనికి తీసుకుపోదామని ఆయన తెచ్చుకున్న సొరబుర్ర మొదటి వారంలోనే పగిలింది. లోపల జావ గడ్డకట్టి ఉబ్బి బుర్రను రెండు ముక్కలు చేసింది. నేను ముందే చెప్పాను. నేను ముందే చెప్పాను అని ఇక్కడ రోజుకు ఎన్నిసార్లు అంటున్నానో నాకే తెలియదు. ఎవరైనా ఇటు వస్తే రాగి పిండి, శొంఠి, ఎండు మిరపకాయలు పంపు. మామకు పొగాకు పంపకు. అడిగినా పంపకు.

ఇప్పుడు అసలు సంగతి. సమ్మీ, నెమ్మదిగా చదువు.

మేము ఉండేది రేకుల గది. మన ఇంటి లాంటిది కాదు అత్తా, అది నీకు బాగా అర్థం కావాలి. మన గోడలు తడికలు, మట్టి పూసినా గాలి ఎక్కడో ఒక చోట వస్తుంది. చూరు కింద జానెడు సందు ఉంటుంది, పొగ అటు పోతుంది. అందుకే చలికాలం మనం నడింట్లో మొద్దు మండించుకుని చుట్టూ పడుకుంటాం, మనకు ఏమీ కాలేదు. ఇక్కడి గది రెండు రేకుల మధ్య నురగ అట్ట పెట్టి బిగించినది. తలుపు అంచుకు రబ్బరు ఉంటుంది. తలుపు వేస్తే చీమ కూడా దూరదు. పైన గాలి పోవడానికి ఒక చిన్న కన్నం ఉంది, దాంట్లో కూడా మామ గోనెసంచి కుక్కాడు, చలి వస్తోందని. మా గదిలో మేమిద్దరం కాక మంగ్రా, వాడి తమ్ముడు సుక్రా ఉంటారు. జార్ఖండ్ వాళ్ళు. మంచివాళ్ళే కానీ మామ ఏది చెబితే దానికి తల ఊపుతారు, పెద్దమనిషి అని.

పొగ గొట్టం ఉన్న ఇనుప పొయ్యి ఇస్తామని మా పని లెక్కలు చూసే మున్షీ మేము వచ్చిన రోజే చెప్పాడు. పొయ్యి వచ్చింది. గొట్టం రాలేదు. గొట్టం కనుమ అవతల లారీలో ఉందట. గొట్టం లేని పొయ్యిని ఏం చేసుకోవాలి? దాని మీద మేజోళ్ళు ఆరేస్తున్నాం. మున్షీని అడిగిన ప్రతిసారీ "ఆ జాయేగా", వచ్చేస్తుందిలే అంటాడు. ఆయన గదికి మాత్రం గొట్టం ఉంది. అడిగాను కూడా, నీ గొట్టం కనుమ ఎలా దాటింది అని. ఆ రోజంతా నాతో మంచు తోయించాడు.

ఇక మామ ఊరుకుంటాడా? రంగు డబ్బా ఒకటి వెతికి తెచ్చి, చిల్లులు పొడిచి కుంపటి చేశాడు. సొరంగం దగ్గర పనికిరాని చెక్కముక్కలు తెచ్చి బయట మండించి, పొగ పూర్తిగా పోయి ఎర్రటి నిప్పులు మిగిలాక గదిలోకి తెచ్చేవాడు. నేను వద్దన్నాను.

"ఎందుకొద్దు? పొగ ఉన్నదా, సూడు. పొగ లేని నిప్పు ఏం జేస్తదిరా?"

"గాలి ఉండదు మామా, తలుపు కొంచెం తెరువు."

"తలుపు తెరిస్తే నిప్పెందుకు? సలిని లోపలికి పిలిచి పీట ఏస్తవా?"

మంగ్రా నవ్వాడు. తలుపు మూశారు. మరునాడు నాకు తల పగిలిపోయే నొప్పి. సుక్రా వాంతి చేసుకున్నాడు. మామ రాజ్మా మీద నెపం పెట్టాడు. ఆ తరువాత ఎవరికి తల నొప్పి వచ్చినా రాజ్మాయే. కాకాతో రాజ్మా గురించి పోట్లాడటానికి నేనే పోయాను, వెధవను.

తరువాత ఒక రోజు మంచు ఆగకుండా పడింది. సొరంగం నోరు మూసుకుపోయి పనికి సెలవు. మధ్యాహ్నం తిని, కుంపటి పెట్టుకుని తలుపు మూసి అందరూ పడుకున్నారు. సాయంత్రం చాయ్ తేవాల్సిన వంతు మంగ్రాది. వాడు దుప్పట్లోంచి చెయ్యి ఒకటి బయటపెట్టి "భాయ్, ఆజ్ తూ జా", ఈ రోజు నువ్వు పో అని బతిమాలాడు. తిట్టుకుంటూ కేటిల్ తీసుకుని నేను పోయాను. వంటగది దగ్గర వరుస. నా వంతు వచ్చేసరికి అడుగున ఉన్న నీళ్ళు పోశాడు కాకా. ఇది చాయా అని నేను మొదలుపెట్టాను. ఆయన గరిటె ఎత్తాడు. చివరికి కొత్తగా కాచి పోసేదాకా నేను కదలలేదు.

కేటిల్ కోటు కింద పెట్టుకుని వచ్చి తలుపు తోసి "చాయ్" అని అరిచాను. మామూలుగా ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే దుప్పట్లలోంచి మూడు గ్లాసులు లేస్తాయి. ఒక్కటి కూడా లేవలేదు. మళ్ళీ అరిచాను. నాకు కోపం వచ్చింది. ఇంత పోట్లాడి తెస్తే పడుకున్నారని మంగ్రా మంచాన్ని తన్నాను. వాడు మూలిగాడు కానీ కళ్ళు తెరవలేదు. మామ నేల మీదే పడుకుంటాడు, కుంపటి పక్కనే తల పెట్టి ఉన్నాడు. ముఖం జీలుగు కల్లు తాగినట్టు ఎర్రగా ఉంది. ఎక్కడో తాగి వచ్చాడనుకుని తిడుతూ భుజం పట్టుకుని కుదిపాను. తల అటు పడిపోయింది.

కేటిల్ ఎప్పుడు జారిందో తెలియదు. ఆయన రెండు కాళ్ళు పట్టుకుని గడప మీదుగా బయటికి ఈడ్చాను. తల గడపకు తగిలింది, ఇప్పటికీ అక్కడ బొప్పి ఉంది, అది నా వల్లే. తరువాత సుక్రాను, మంగ్రాను ఈడ్చాను. గొంతు చించుకుని అరిచాను. కాకా గరిటెతోనే పరుగెత్తి వచ్చాడు. మంగ్రా వాంతి చేసుకుని లేచి కూర్చున్నాడు, సుక్రా కూడా కదిలాడు. మామ కదలలేదు. మంచు ఆయన ముఖం మీద పడుతోంది, ఆయన తుడుచుకోవడం లేదు. నేను అలాగే చూస్తున్నాను. పడిన మంచు కరుగుతోంది. కరుగుతోంది కదా, బతికే ఉన్నాడు అనుకున్నాను. కరగడం ఆగిపోతుందేమోనని కళ్ళు ఆర్పకుండా చూశాను అత్తా. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

పక్కనే ఉన్న మిలిటరీ జవాన్ల బండిలో వాళ్ళ దవాఖానకు తీసుకుపోయారు. ముక్కుకు, నోటికి గొట్టం తగిలించి గాలి పెట్టారు. నేను పక్కనే నిలబడ్డాను. చాలాసేపటికి కళ్ళు తెరిచి, నన్ను చూసి, ఆ గొట్టం పక్కకు జరిపి, మామ అన్న మొదటి మాట ఏమిటో తెలుసా?

"అల్లుడా, చాయ్ సల్లగైందా?"

నేను బయటికి వచ్చి ఎదురుగా ఉన్న మంచుగడ్డను తన్నాను. అది గడ్డ కాదు, రాయి. కాలి వేలు ఇంకా వాచే ఉంది.

డాక్టరు నాకు హిందీలో అంతా చెప్పాడు. మూసిన గదిలో నిప్పు పెడితే ఒక విషపు గాలి పుడుతుందట. పొగ లేకపోయినా పుడుతుందట. వాసన ఉండదు, రంగు ఉండదు. పడుకున్నవాడు పడుకున్నట్టే పోతాడట. ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే ముగ్గురూ ఉండేవాళ్ళు కాదన్నాడు. చాయ్‌కి మంగ్రా పోయి నేను పడుకుని ఉంటే ఏమయ్యేదో నేను అడగలేదు. మామకు ఇదంతా మన మాటల్లో విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"వాసన లేదంటవు."

"లేదు."

"కంటికి కనపడదంటవు."

"కనపడదు మామా."

"పండుకున్నోని మీద కూసుంటదంటవు. మరి అది దెయ్యమే గదరా. గ్యాసు గీసు అంటవేంది?"

"సరే, దెయ్యమే అనుకో! దెయ్యం ఉందని తెలిసింది కదా, ఇక కుంపటి పెట్టకు."

"దెయ్యమైతే నిప్పుకు భయపడ్తది గద. ఇంకొంచెం ఎక్కువ ఎయ్యాలె."

నవ్వకు అత్తా. నువ్వు నవ్వుతావని నాకు తెలుసు.

గదికి తిరిగి వచ్చాక నేను చేసిన మొదటి పని ఆ రంగు డబ్బాను లోయలోకి విసిరేయడం. అది కిందికి పోతూ చాలాసేపు మోగింది. రెండో రోజు మామ కాంక్రీటు మోసే ఇనుప తట్టలో నిప్పులు పోసుకుని లోపలికి వచ్చాడు. తట్ట సైటు సామాను, అది పారేస్తే మున్షీ నా మీద పడతాడని ఆయనకు తెలుసు! నేను కన్నంలో గోనెసంచి పీకేస్తే ఆయన మళ్ళీ కుక్కాడు. తలుపు సందులో నేను రాయి పెడితే ఆయన తీసేశాడు. చావు జరిగిన ఇంట్లోనే నిప్పు ఆర్పుతారు, నన్ను బతికుండంగనే చావు ఇంట్ల పండబెడ్తవా అని గొణిగాడు. మంగ్రాను అడిగాను, నువ్వయినా చెప్పరా, చచ్చి బతికావు కదా అని. వాడు తల గోక్కుని "చలి ఎక్కువగా ఉంది కదా భాయ్, కొంచెం సేపు పెట్టుకుని ఆర్పేద్దాం" అన్నాడు. కొంచెం సేపు అన్నవాళ్ళు ముగ్గురూ కొంచెం సేపటికే గురక పెట్టారు. ఆర్పింది నేను. ఆ రోజు నుంచి రోజూ ఆర్పుతున్నది నేనే. కుక్కలా కూర్చుని కాపలా కాసి, వాళ్ళు నిద్రపోయాక తట్ట బయటికి తీసి మంచులో బోర్లిస్తున్నాను. పొద్దున పని, రాత్రి ఇది. ఒక రోజు సొరంగంలో బండి తోస్తూ నిలబడే నిద్రపోయాను. పక్కవాడు గుంజకపోతే చెయ్యి పోయేది.

అప్పుడు నాకు మతి పోయింది. గదికి వచ్చి పానా తీసుకుని, బోల్టులు ఊడదీసి, తలుపును చట్రంలోంచి పీకేశాను.

అవును, తలుపు. నా పరుపు కింద పరుచుకుని దాని మీద పడుకుంటున్నాను. తీసుకోవాలంటే నన్ను లేపి తీసుకోవాలి.

సుక్రా నన్ను వాళ్ళ భాషలో ఏమేమో తిట్టాడు. మున్షీ వచ్చి అరిచాడు. పొగ గొట్టం ఇవ్వు, తలుపు పెడతాను, లేదంటే ఏం జరిగిందో దవాఖాన డాక్టరుతో పైవాళ్ళకు రాయిస్తాను అన్నాను. నోరు మూసుకుని పోయాడు. గడప దగ్గర మంచు లోపలికి వస్తోంది. పొద్దున లేచేసరికి నా దుప్పటి తెల్లగా ఉంటోంది. వేడి నీళ్ళు సీసాల్లో పోసుకుని గుడ్డ చుట్టి పొట్ట మీద పెట్టుకుని పడుకుంటున్నాం, ఆ చాయ్ ముసలమ్మ చెప్పిన ఉపాయం ఇది. బాగానే పనిచేస్తోంది. మామ సీసా పెట్టుకోడు. తలుపు లేని గదిలో తట్ట ముందు కూర్చుని నా మీద అలిగి ఉన్నాడు. నిప్పు ఆయనదే, గాలి నాది. ఎవరూ తగ్గడం లేదు.

నిన్న నాకు తిక్క రేగి అడిగేశాను. "ఎందుకు మామా ఈ మొండితనం? నీకంత చలిగా ఉంటే ఇంటికి పో. నీకు ఆ నిప్పు లేకపోతే నిద్రపట్టదా?"

ఆయన కూడా లేచాడు. ఈ పని మొదలయ్యాక ఆయన నా మీద గట్టిగా అరవడం అదే మొదటిసారి.

"నాకెందుకురా నిప్పు? నేను రాయి మీద పండుకుంట! మీ అత్త బస్సు కాడ నా సెయ్యి పట్టుకుని ఏం జెప్పింది? 'తల్లి లేని పిలగాడు, ఆనికి సలి పెట్టనియ్యకు' అన్నది. ఒక్కటే మాట అడిగింది అది నన్ను. నేను ఇంటికి పోయి ఏం జెప్పాలె దానికి? తలుపు పీకేసి పండుకున్నడని జెప్పాలెనా?"

అప్పుడు చూశాను అత్తా. ఆ తట్ట, అంతకుముందు ఆ కుంపటి, ఎప్పుడూ నా మంచం వైపు జరిపి ఉంటుంది. ఆయన కింద పడుకుని, దానికి అటు పక్క, గోడ దగ్గర చల్లటి చోట ఒదుగుతాడు. ఆ రోజు మాత్రం నిప్పు ఆరకుండా చూసుకుంటూ కుంపటి పక్కనే నిద్రపోయాడు, అందుకే అందరికంటే ఆయన ముక్కుకు ఆ గాలి ఎక్కువ తగిలింది. నేనేమో ఇన్ని దినాలు ముసలోడికి చలి అనుకుని తిట్టాను.

తిట్టినందుకు నాకేమీ బాధ లేదు. ఇంకా తిడతాను. మీ ఇద్దరినీ తిడతాను. చెప్పేదానివి, నీ ప్రాణం కూడా చూసుకో అని ఇంకొక మాట చేర్చి చెప్పకూడదా? నువ్వొక మాట అంటే ఆ మనిషి దాన్ని పట్టుకుని చచ్చేదాకా వదలడని నీకు తెలియదా? కాపురం చేసింది నువ్వు కదా!

డాక్టరు చెబితే వినలేదు. ప్రాణం పోయి వచ్చినా వినలేదు. నేను చెబితే అసలే వినడు. నువ్వు పెట్టిన మాట నువ్వే తీయాలి. రేపు రేషను దింపి వెనక్కి పోయే బండి డ్రైవరు ఈ ఉత్తరం పోస్టులో వేస్తానన్నాడు. ఇది అందగానే వచ్చే ఆదివారం నువ్వే ఫోన్ చెయ్యి. మేము కింది బజారులో ఉంటాం. ఒకవేళ ఆ రోజు దారి మూసి ఉంటే ఆ పై ఆదివారం చెయ్యి. మామ అంతా మంచిగుంది అని మొదలుపెడతాడు. మొదలుపెట్టనివ్వకు. తిన్నారా అని అడగకు. అడిగితే ఆయన రాజ్మా కథ చెబుతాడు, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతుంది. ఎవరు వింటున్నా పరవాలేదు, ఊరంతా విననీ, గట్టిగా అరిచి చెప్పు.

పెద్దయ్యకు, ఊళ్ళో పెద్దలందరికీ నా మొక్కులు చెప్పు. సమ్మీ, గొంతు నొప్పి పుడితే నీళ్ళు తాగు, ఇంకొక్క ముక్కే ఉంది. అత్తా, నీ దీవెన నాకు కావాలి, కానీ ముందు ఆయనకు నీ ఆజ్ఞ కావాలి. ఈ మాటలే చెప్పు, వేరే ఏమీ చేర్చకు: "నేను జెప్పింది మర్సిపో. పిలగానికి సలి పెట్టనియ్యి. నువ్వు పాణంతోటి ఇంటికి రా."

అది ఆయన చెవిన పడిన సాయంత్రమే తలుపు బిగిస్తాను.

చలికి వేళ్ళు వంగక ఇంతటితో ఆపుతున్న,
నీ అల్లుడు
నాగేష్